సిరి సీసా

హలో… ఆ, నేనే. నాన్ననే, సెప్పు విక్రమూ… గట్టిగా మాటాడు, ఏటీ ఇనపడ్డం లేదు. వెనకాల ఆ మైకేటిరా?… ఓహో, మీకూ మొదలైపోనాదా పూజ. ఇక్కడ నాలుగు రోడ్ల చౌకులో కూడా అదే గోల. విశ్వకర్మ బాబుకి సెవులుంటే ఈపాటికి లేచి ఎలిపోయుంటాడు.

…లేదు.

లేదురా. ఇంకా పొయ్యలేదు.

పొయ్యలేదంటే పొయ్యలేదు! నీ కూతురు పొద్దున్న లేచిన కాడ్నించీ సీసాలో ఒక్క సుక్క ఉచ్చ… ఆ, పట్టుకునే ఉన్నాం సీసా. నువ్వు డూటీకెల్లినప్పుడు ఎలా కూకున్నామో అలాగే కూకున్నాం. వాళ్లమ్మ ఇంద్రాణి ఒళ్లో మన సిరి గుంట. గుంట కింద సీసా. సీసా ఎదురుగా మీయమ్మ. మీయమ్మ ఎదురుగా నేను. ఇంట్లో ఒక్కరం వొంట మాట ఎత్తితే ఒట్టు.

…నవ్వకు. నవ్వినావంటే ఫోను పెట్టీస్తాను.

…జొరమా? ఉంది. ఎక్కడికెల్తాది? రాత్రి తగ్గినట్టే తగ్గి మళ్లీ వొళ్లు పెనంలా కాలతాంది… ఏసినాం. జొరం సిరపే, డాక్టరమ్మ రాసిందే. ఇంకోటి ఏటీ ఎయ్యలేదు. ఆ ఎదురు క్వార్టరు భాభీ ఒకావిడ. ‘అంకుల్, మా బచ్చాకి మిగిలిపోయిన దవాయి ఉంది, రెండు చెంచాలు పట్టించీండి, సాయంత్రానికి ఠీక్’ అనుకుంటా సీసా పట్టుకొచ్చీసింది. వొద్దమ్మా అన్నాను. మూతి ముడుసుకుని ఎలిపోనాది. మంచికే తెచ్చింది పాపం… కాదు, ఎందుకొద్దన్నానో నీకు గుర్తుందా? డాక్టరమ్మ ఏటన్నాదో సెప్పు సూద్దాం.

…ఆ. అదే. క్రిములు సంపే మందు ముందే ఒక్క చెంచా లోపలికెల్లిందా, ఉచ్చలో క్రిములు దాక్కుంటాయి. సావవు, దాక్కుంటాయి. రిపోర్టు శుభ్రంగా వొచ్చీస్తాది. మనం హమ్మయ్య అనుకుంటాం. తరవాత మళ్లీ జొరం. జొరం ఇలాగే కాదేటి ఇంతకుముందు రెండుసార్లు వొచ్చిపోనాది? మొదటిసారి పళ్లొస్తన్నాయన్నారు. ఎవరన్నారు? అందరూ అన్నారు. ఈ సెక్టరులో పళ్ల డాక్టరు కాని మనిషి లేడు. రెండోసారి మలేరియా అన్నారు. రక్తం సూస్తే ఏటీ లేదు, అయినా ఆ సేదు మాత్ర నూరి గొంతులో పోసీసినారు. ఏడ్సి ఏడ్సి గుంట గొంతు పోనాది గానీ జొరం పోనాదా?

…నేనరవడం లేదు. నా గొంతే ఇంత. ఫర్నేసు కాడ పనిసేసినోడి గొంతు ఇలాగే ఉంటాది.

…అవును. డాక్టరమ్మ ఒక్కర్తే సరిగ్గా సూసింది. గొంతు సూసింది, సెవులు సూసింది, గుండెల మీద గొట్టమెట్టి ఇన్నాది. ఎక్కడా ఏటీ లేదు. ఆడపిల్ల, ఏడాది నిండలేదు, జొరానికి కారణం దొరక్కపోతే ముందు ఉచ్చ సూడాల అన్నాది. అక్కడే క్రిమి ఉండి మూత్రపిండాల దాకా ఎక్కీసిందంటే మచ్చ పడిపోతాదన్నాది, జీవితాంతం ఉండిపోయే మచ్చ. ఆ మాట ఇన్న కాడ్నించీ నాకు ముద్ద దిగడం లేదురా.

…ఏటి సెయ్యలేదో అడుగు. నీళ్లు పట్టినాం. బార్లీ నీళ్లు పట్టినాం. మీయమ్మ సెప్పిందని కుళాయి ఇప్పి ఆ సౌండు ఇనిపించినాం, ట్యాంకీ ఖాళీ అయిపోనాది గానీ నీ కూతురు మాత్రం… నేను నోటితో సుయ్, సుయ్ అని ఊది ఊది దవడలు పీకేస్తన్నాయి. ఈ ఫోనుకి పేరు రాయించి ఎన్నేళ్లు ఎదురుసూసినాం? ఆ టెలిఫోను ఆఫీసోళ్లే నయం. ఎప్పటికో ఒకప్పటికి ఇచ్చినారు.

…ఒక్కసారి పోసింది. ఆ, పోసింది. నువ్వటు ఎల్లినావో లేదో. కానీ సీసాలో కాదు. జొరం గుంటకి గాలి తగుల్తాదని మీయమ్మ గోచీ గుడ్డ కట్టీసింది. దాంట్లో పోసీసింది… ఉండు, అక్కడితో ఆగితే బాగున్ను. ఆ గుడ్డ మీయమ్మ వొంటింట్లోకి పట్టుకెల్లి సీసాలోకి పిండీసింది.

పిండీసిందిరా! నిజం! సీసా ఇంత పైకి పట్టుకుని వొచ్చి ‘ఇదిగో, అయిపోనాది, దీనికి ఇంత రభసేటి’ అంతాది!

…అరిసినాను. అరవనేటి మరి? ఆ గుడ్డ నిన్నంతా పెరట్లో తీగ మీద ఆరింది. కాకి వాలింది. దుమ్ము పడింది. దాన్ని పిండితే గుంట క్రిములొస్తాయా, సెక్టర్ సిక్సు క్రిములన్నీ వొస్తాయా? … ఒలే, నిన్నే అంతన్నాను, ఇను! … ఆ, అలిగింది. వొంటింట్లోకి ఎలిపోనాది. ఎల్లనీ. డాక్టరమ్మ సీసాలు రెండిచ్చింది కాబట్టి సరిపోనాది, లేకపోతే ఇంకేటుంది.

…నాకు తెలుసు రా, నీకూ ఆదుర్దాగానే ఉంటాది.

మొన్నటిది కుదిరుంటే ఇయ్యాల ఈ బాధుండేదా? అదే నా ఏడుపు. మొన్న ఎంత సక్కగా పట్టినాం. ఇంద్రాణి సబ్బెట్టి సేతులు కడుక్కుంది, గుంటని కడిగింది, మొదటి సుక్కలు వొదిలీసి మధ్యలోది పట్టింది. అచ్చం డాక్టరమ్మ సెప్పినట్టే. నీళ్లు పోసింది నేనే కదా, నా కళ్లతో సూసినాను. తీరా రిపోర్టేటి? పది రకాల క్రిములు కలిసి పెరిగీసినాయి, ఏదీ తేల్సలేం, మళ్లీ పట్టుకు రండి. డాక్టరమ్మ ఇంద్రాణిని ఎన్ని కేకలేసింది! సరిగ్గా కడగలేదంట. చదువుకున్నదానివి, ఇంత మాత్రం తెలీదా అన్నాది. ఆ పిల్ల ఆస్పత్రి వరండాలో మొహం గోడకి తిప్పుకుని ఏడ్సింది విక్రమూ. నువ్వు పక్కనే ఉన్నావు కదా… సూసినావు కదా.

ఎక్కడ తేడా జరిగిందో నాకు అంతుపట్టడం లేదు. అంత శుభ్రంగా పట్టినదాంట్లోకి…

…ఏటి?

…ఏటాలోసిస్తన్నావు?

మైకులో పాట ఇనపడతాంది గానీ నువ్వినపడవు. విక్రమూ. నువ్విలా సప్పుడు సెయ్యకుండా ఉన్నావంటే నాకు అనుమానం. చిన్నప్పట్నించీ అంతే… ఏటీ లేదా? ఏటీ లేకపోతే ఒకటడుగుతాను సెప్పు. మొన్న పొద్దున్న సీసా నీ సేతికిచ్చినాం. ఎక్కడిచ్చినావు?

…లాబ్‌లో. సరే. లాబ్‌లో కాక కిరాణా కొట్లో ఇస్తావేటి. ఎప్పుడిచ్చినావు అని అడుగుతన్నాను… ‘ఎల్తా ఎల్తా’ అంటే? నీది ఫస్టు షిఫ్టు. నువ్వెల్లేటప్పటికి ఆ లాబ్ తలుపు కూడా తియ్యరు కదరా.

…మరి?

…హిందీలో సెప్పకు. తప్పు సేసినప్పుడే నీకు హిందీ వొస్తాది. తెలుగులో సెప్పు.

…డూటీ దిగినాక. డూటీ దిగి ఇంటికొస్తా ఇచ్చినావు.

…అంతసేపూ ఎక్కడున్నాది సీసా?

…ఎక్కడా?

టిఫిన్ సంచీలో. కేరేజీ పక్కన. ఆ సంచి ఎక్కడున్నాది?… స్కూటరికి. స్కూటరెక్కడున్నాది?… స్టాండులో. రేకుల కింద. ఓరి నాయనా. ఓరి నాయనా… షిఫ్టు షిఫ్టంతా రేకుల కింద, ఆ ఉక్కలో! దోసెల పిండి కూడా అంతసేపు ఉంచితే గిన్నె దాటి పొంగిపోతాది కదరా. ఉచ్చ పాడైపోదా? ఒక్క క్రిమి ఉంటే సాయంత్రానికి సంతయిపోదా?

…గేటు కాడ లేటైపోతాదని. లేటైతే ఏటవుతాది? నీ హాజరు మీద ఎర్ర గీత పడతాది. పడనీ! గుంట మీద మచ్చ పడితే ఎవడు సెరుపుతాడు?

…తెలీదంటావా. తెలీదా నీకు? నీ పనేటి? సెప్పు. కాదు, సెప్పాల, నేను ఇంటాను. ఆ ఫర్నేసు కాడ నిన్ను దేనికెట్టినారు?… ఆ. శాంపిల్. కరిగిన ఉక్కు గరిటెతో తీసి, అచ్చులో పోసి, లాబ్‌కి పంపడం. తీసిన శాంపిల్ ఏటి సేస్తారు? టిఫిన్ సంచీలో ఏసి స్కూటరికి తగిలిస్తారా?

…ఏటి సేస్తారు?

పరిగెడతారు! శాంపిల్, శాంపిల్ అని అరుసుకుంటా మనిషి పరిగెడితే పైన క్రేనోడు క్రేను ఆపుతాడు. ఎంత పెద్ద ఇంజనీరైనా పక్కకి తప్పుకుని దారిస్తాడు. లాబ్ నుంచి కబురొచ్చే దాకా ఎవడూ ఉక్కు దించడు. నా రోజుల్లోనూ అంతే, నీ రోజుల్లోనూ అంతే. ఇనప ముక్కకి పరుగెట్టినోడివి… నీ కన్నకూతురిది వొచ్చేసరికి పప్పూ అన్నం పక్కనెట్టుకుని…

…ఊఁ.

…‘ఉచ్చే కదా’ అనుకున్నావు. పోన్లే, నిజం సెప్పినావు.

మరి కోడలు తిట్లు తింటా ఉంటే పక్కన నిలబడి ఎందుకు నోరిప్పలేదు?… అప్పటికి నీకు తట్టలేదు. ఇప్పుడు తట్టింది. సరే, తట్టిందనుకుందాం… సెప్పొద్దా? ఇంద్రాణికి సెప్పొద్దేటి, బాగుంది! ఎదురుగానే కూకున్నాది. నా గొంతు నీకు తెలుసు, అంతా ఇన్నాది… నాకేసి కూడా సూడ్డం లేదు. గుంట తల నిమురుకుంటా కూకున్నాది. తిడితే బాగున్ను.

…ఇవ్వను. ఫోను ఇవ్వను. సేతులు ఖాళీ లేవు ఆ పిల్లకి. ఇంటికొచ్చి మొహం మీద సెప్పుకో. డాక్టరమ్మకి కూడా నువ్వే సెప్పాల, కడగడంలో తప్పు లేదు, మోసినోడిది తప్పు అని. సెప్తావా?… సెప్పాల.

ఉండు… ఏటమ్మా? వొణుకుతాందా? ఏదీ… ఎక్కడ, సేతులా?… లేదు, దుప్పటి కప్పకు, కప్పొద్దన్నాది కదా ఆవిడ.

…ఇన్నావా. గుంటకి వొణుకు మొదలైంది. అరసేతులు సల్లగా ఉన్నాయి, పొట్ట కాలిపోతాంది. పొద్దున్న పిలిస్తే నవ్వింది. ఇప్పుడు పిలిస్తే కళ్లిప్పి సూసి మళ్లీ మూసీస్తాంది.

ఇంక ఆగేది లేదు విక్రమూ. ఆస్పత్రికి తీసుకెల్లిపోతాం. గొట్టమే ఎయ్యమందాం.

…ఆ, గొట్టమే. సన్న గొట్టం పెట్టి ఉచ్చ నేనే తీస్తాను, నిమిషంలో అయిపోతాదని ఆవిడ మొన్ననే అన్నాది. ఎవరొద్దన్నారు? నువ్వే. ‘నా కూతురికి గొట్టం ఎట్టనివ్వను, ఇంటికాడ పట్టి తెస్తాను’ అని రొమ్ము విరుసుకున్నావు. తెచ్చినావు కదా… నొప్పి ఉంటాది. ఏడుస్తాది. ఏడిస్తే ఎత్తుకుంటాం. రేపు కిడ్నీ పాడైతే ఏటెత్తుకుంటాం? ఇయ్యాల మధ్యాహ్నానికి శాంపిల్ వొచ్చినా రాకపోయినా సూది మందు మొదలెట్టీస్తానన్నాది. గుంట వాడిపోతాంటే రిపోర్టు కోసం కూకోను అన్నాది. మంచిదే. కానీ సూది పడకముందే తియ్యాల. పడినాక తీసినా ఒకటే, తియ్యకపోయినా ఒకటే. ఇది కూడా పోతే ఇది మూడోసారి, ఏ క్రిమో తెలీకుండా…

…రిక్షానా?

ఎక్కడున్నాది రిక్షా? నేను కాలీడ్సుకుంటా చౌకు దాకా ఎల్లొచ్చినాను. ఇందాకే. రిక్షాలన్నీ కడిగి, బొట్లెట్టి, బంతిపూల దండలేసి వరసగా నిలబెట్టీసినారు. ఒక్కడు తొక్కితే ఒట్టు. ‘ఆజ్ నహీ బాబూజీ, ఆజ్ తో పూజా హై.’ బతిమాలినాను. చిన్న పిల్లకి జొరం భయ్యా అన్నాను. వాడు నిజంగా బాధపడినాడు, పడి, నా సేతిలో బూందీ పెట్టినాడు. ఇక్కడే ఉంది బూందీ, సీమలు పట్టినాయి. టెంపోవోళ్లూ అంతే. యంత్రం ముట్టుకోకూడని రోజంట… మీ ఫర్నేసు ఒక్కటే ముట్టుకుంటారు.

ఎదురింటాయన డూటీలో ఉన్నాడు. స్కూటరు నీ కాడ ఉన్నాది. నువ్వు రావాల.

…హీటు దింపాల, కరిగిన ఉక్కు. దింపుతారు. నువ్వొక్కడివే ఉన్నావేటి అక్కడ?… సగం మంది పూజ కాడ కూకున్నారు, నాకు తెలీదేటి. జగ్గయ్య లేడా?… ఉన్నాడు కదా. నా కింద పనిసేసినోడు, కళ్లు మూసుకుని సేస్తాడు. నీ చోట జగ్గయ్యని నిలబెట్టు… ఔట్‌పాసా? డూటీలో గేటు దాటాలంటే ఫోర్మేను సంతకం కావాల. ఫోర్మేనెక్కడున్నాడు?… హారతి కాడ.

అయితే ఏటి సేస్తావు, హారతయి ప్రసాదం పంచే దాకా ఆగుతావా? కొబ్బరి ముక్క తెస్తావా గుంటకి?

…నేనేటన్నాను?

…విక్రమూ. ఏడవకు. ఏయ్. పక్కన జనాలుంటారు. ఏడవకురా… నిన్ను కోపంతో అనలేదు… కాదు, కోపంతోనే అన్నాను, అబద్ధమెందుకు. కోపంగానే ఉన్నాది. నీ మీద, ఆ రిక్షావోళ్ల మీద, మీయమ్మ గుడ్డ మీద, అందరి మీదా. కానీ భయం కూడా ఉన్నాదిరా. ఇంత చిన్న పొట్ట. లోపల ఏటుందో ఎవడికీ తెలీదు. ఫర్నేసయితే కిటికీలోంచి సూసి సెప్పీవాడిని ఎంత కాగిందో…

ఉండుండు… ఏటమ్మా ఇంద్రాణీ?

కదలకు! కదలకమ్మా, అలాగే ఉండు. వొస్తాందా?… మొదటిది వొదిలీ. వొదిలీ, వొదిలీ… ఇప్పుడు పట్టు. పట్టమ్మా! … ఒలే వరలక్ష్మీ, మళ్లీ ఆ గుడ్డ తేవొద్దు! అక్కడ పడీ, పడీ గుడ్డ! … సీసా అంచు వొంటికి తగలనీకు… ఆ… ఆ… సాలు. మూత. మూత బిగించు. లోపల ఏలు పెట్టకు.

విక్రమూ! పట్టీసింది!

నా కోడలు పట్టీసింది. సగం సీసా! ఎంత శుభ్రంగా పట్టిందో సూస్తే… సీసా అంచు ఎక్కడా తగలనివ్వలేదు. ఇప్పుడేడుస్తాంది. ఏడవనీ. గుంట కూడా ఏడుస్తాంది, మంచిదే, గొంతు లేసింది.

ఇప్పుడు నేను సెప్పేదిను. గొట్టం గొడవ లేదు ఇంక. సీసా బేగి లాబ్ సేరాల, సేరే దాకా ఐసులో ఉండాల. మీయమ్మ ఐసు కోసం ఎదురింటి భాభీ ఫ్రిజ్ కాడికి పరిగెడతాంది. అలక ఎటుపోనాదో… ఒలే, చెప్పులేసుకో! … నువ్వు స్కూటరు తీసి తిన్నగా ఇంటికి రా. ఇంద్రాణి గుంటనెత్తుకుని గుమ్మం బయటే నిలబడుంటాది. సీసా ఇంద్రాణి సేతిలోనే ఉంటాది. నీకివ్వను. ఈసారి నీకివ్వను. తిన్నగా లాబ్, అక్కడ్నించి డాక్టరమ్మ కాడికి, సూది. అర్థమైందా?

…ఇంటన్నావా?

హలో.

ఫోర్మేను మాటేటన్నావు?… హలో! ఒరే, మళ్లీ సప్పుడు లేదు. ఇంకేటైనా దాస్తన్నావంటే మాత్రం… హలో? విక్రమూ?

…ఎవరు?

జగ్గయ్యా! నువ్వా బాబూ? వాడేడి?

…రిసీవరు ఏలాడతాందా? ఫోను పెట్టకుండానే ఎలిపోనాడా?… ఎప్పుడు? ‘పట్టీసింది’ అన్నప్పుడేనా? అయితే నేనిందాకట్నించీ ఎవరికి సెప్తన్నాను, గోడకా?

…గ్లౌజులు కూడా తియ్యకుండానే. ఓరి వీడి… ఔట్‌పాసు?… లేదు. లేదా. గేటు కాడ ఆపీస్తారు జగ్గయ్యా, సంతకం లేకపోతే సెక్యూరిటీవోళ్లు కదలనివ్వరు.

…ఆ. ఆ, నీ మాట ఇంటారు, నువ్వు పాతోడివి. నువ్వు గేటుకి ఫోన్ సెయ్యి. నా ఫోను పెట్టీసి ఎమ్మట్నే అటు సెయ్యి, వాడక్కడికి సేరకముందే.

…ఏటి సెప్పాలా? పేరు సెప్పకు. జొరం, డాక్టరు, ఉచ్చ, అదంతా సెప్పకు. అంత కథ ఇనడానికి వాళ్లకి ఓపికుండదు. ఆ గేటు లోపలున్న ప్రతోడికీ తెలిసిన మాట ఒక్కటుంది కదా, అదే సెప్పు.

శాంపిల్ పరిగెడతాంది, దారియ్యండి అని సెప్పు.

…ఆ. పెట్టీ. బేగి.